మాక్రో పెట్టే ముందు గోడ మీదున్న స్విచ్ వైపు చూడండి

మీ ఇంట్లో టీవీ ముందున్న టీపాయ్ మీద ఎన్ని రిమోట్లు ఉన్నాయో ఒకసారి లెక్కపెట్టండి. టీవీది ఒకటి, సెట్‌టాప్ బాక్స్‌ది ఒకటి, స్టిక్‌ది ఒకటి, సౌండ్‌బార్ ఉంటే దానిదొకటి. మీరు ఇంట్లో ఉన్నంతకాలం ఈ నాలుగూ బుద్ధిగా పనిచేస్తాయి. మీరు హాస్టల్‌కో, బెంగళూరుకో, డల్లాస్‌కో వెళ్ళిన మర్నాటి నుంచి అసలు కథ మొదలవుతుంది. అమ్మ వీడియో కాల్ చేసి ఫోన్‌ని టీవీ వైపు తిప్పుతుంది. తెర మీద ‘నో సిగ్నల్’. "సోర్స్ బటన్ నొక్కమ్మా" అంటారు మీరు. "ఏ రిమోట్‌లో?" అంటుంది ఆవిడ. అది తేలేలోపు సీరియల్ అయిపోతుంది.

ఈ కష్టానికి రెడీమేడ్ సలహా ఒకటుంది. యూనివర్సల్ రిమోట్ కొనుక్కుని, టీవీ ఆన్, బాక్స్ ఆన్, సౌండ్‌బార్ ఆన్, హెచ్‌డీఎంఐ 1 అని నాలుగు కమాండ్లనీ ఒకే బటన్ మీద మాక్రోగా పెట్టెయ్యమంటారు. వీడియోల్లో చూస్తే భలే ఉంటుంది. ఒక్క నొక్కుకి గదంతా వెలుగుతుంది. నా లెక్కలో మాత్రం మాక్రో అనేది అన్నీ అయిపోయాక ప్రయత్నించాల్సిన ఆఖరి మార్గం. మన ఇళ్ళలో అది నిలబడదు. ఎందుకు నిలబడదో చెప్పాలంటే రిమోట్ లోపలికి కొంచెం తొంగిచూడాలి.

మామూలు ఐఆర్ రిమోట్ కొనలో ఉండే ఎల్ఈడీ మన కంటికి కనపడని కాంతిని, ఎక్కువగా 940 నానోమీటర్ల దగ్గర, వెలిగిస్తూ ఆర్పుతూ ఉంటుంది. చాలా రిమోట్లలో ఆ మినుకు వేగం సెకనుకి 38 వేల సార్లు. ఫోన్ సెల్ఫీ కెమెరా ముందు రిమోట్ పెట్టి నొక్కితే ఊదారంగు మెరుపు కనిపిస్తుంది చూడండి, అదే ఇది. (వెనక కెమెరాలో కనపడకపోవచ్చు, దానికి ఐఆర్ ఫిల్టర్ గట్టిగా ఉంటుంది. తప్పు రిమోట్‌దా, టీవీదా అని తేల్చడానికి ఇంతకన్నా చవక పరీక్ష లేదు.) ఆ మెరుపుల్లో ఉండేది ఏ పరికరం, ఏ కమాండ్ అన్న రెండు సంగతులే. రిమోట్‌కి చెప్పడం వచ్చు, వినడం రాదు. టీవీ నిజంగా ఆన్ అయ్యిందా, మధ్యలో ఎవరైనా అడ్డం నిలబడ్డారా, దానికి తెలియదు.

అసలు చిక్కు పవర్ బటన్ దగ్గర ఉంది. చాలా టీవీ రిమోట్లలో ఆ బటన్ పంపే మాట ‘ఆన్ అవ్వు’ కాదు, ‘ఇప్పుడు ఎలా ఉన్నావో దానికి రివర్స్ అవ్వు’. టాగిల్ అంటాం దీన్ని. ఇప్పుడు ఆ మాక్రోని ఊహించండి. టీవీ ఆఫ్‌లో ఉంది, బాక్స్ మాత్రం ఎందుకో ఆన్‌లోనే ఉండిపోయింది. బటన్ నొక్కితే టీవీ వెలుగుతుంది, బాక్స్ ఆరిపోతుంది. మళ్ళీ నొక్కితే టీవీ ఆరిపోతుంది, బాక్స్ వెలుగుతుంది. వందసార్లు నొక్కినా అంతే, ఆ రెండూ ఎప్పటికీ కలవవు. విషయం తెలిసినవాళ్ళం టీవీ రిమోట్ తీసి విడిగా ఒకసారి నొక్కి సర్దేస్తాం. తెలియని మనిషికి మాత్రం టీవీకి దెయ్యం పట్టినట్టే ఉంటుంది.

ఇంట్లోనే ఉన్న ఏసీ రిమోట్‌ని చూడండి, ఎంత నయమో. చాలా ఏసీ రిమోట్లు ప్రతి నొక్కుకీ మొత్తం జాతకం పంపుతాయి: ఆన్, 24 డిగ్రీలు, కూల్ మోడ్, ఫ్యాన్ ఇంత అని. ఒక నొక్కు ఏసీకి అందకపోయినా తర్వాతి నొక్కు అన్నీ సర్దేస్తుంది. టీవీల వాళ్ళకి ఈ బుద్ధి ఇన్నేళ్ళలో ఎందుకు రాలేదో నాకు అర్థం కాదు. నిజానికి చాలా టీవీలకి లోపల విడి ఆన్, విడి ఆఫ్, నేరుగా హెచ్‌డీఎంఐ 2కి వెళ్ళమనే కోడ్లు అర్థమవుతాయి. కానీ ఆ కోడ్లకి రిమోట్ మీద బటన్ ఇవ్వరు. ఆ జాగాలో డబ్బులిచ్చిన ఓటీటీల బటన్లు నాలుగు ఉంటాయి.

ఇది కొత్త గొడవేం కాదు. ఆపిల్ పెట్టిన స్టీవ్ వోజ్నియాక్ ఆ కంపెనీ పనుల నుంచి బయటికి వచ్చాక చేసిన పని ఏంటో తెలుసా? 1987లో ‘కోర్’ అనే ప్రోగ్రామబుల్ రిమోట్ తేవడం. ఆ తర్వాత ఈ సమస్యని అందరికన్నా బాగా పట్టుకున్నది హార్మొనీ రిమోట్లు. 2004లో లాజిటెక్ ఒక కెనడా కంపెనీని కొని వాటిని సొంతం చేసుకుంది. హార్మొనీ గొప్పతనం మాక్రోలు పంపడం కాదు, ఏది ఆన్‌లో ఉంది, ఏది ఆఫ్‌లో ఉంది అని తన దగ్గర లెక్క రాసుకోవడం. ఆ లెక్క తప్పుతుందని కూడా వాళ్ళకి తెలుసు. అందుకే ‘హెల్ప్’ అని ఒక బటన్ పెట్టారు. నొక్కితే ‘టీవీ వెలిగిందా?’ అని అడిగి, మన జవాబుని బట్టి సర్దేది. ఆ ఒక్క బటన్ కోసమైనా దాన్ని మెచ్చుకుంటాను. 2021 ఏప్రిల్‌లో లాజిటెక్ హార్మొనీ తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. ఇప్పుడు ఆ ఖాళీలోకి వేరే బ్రాండ్లు వచ్చాయి గానీ, లెక్క తప్పితే ఏం చెయ్యాలన్న ప్రశ్న మాత్రం అలాగే ఉంది.

మన ఇళ్ళలో ఆ లెక్క రోజూ తప్పుతుంది. రాత్రి పడుకునే ముందు పెద్దవాళ్ళు చేసే ఆఖరి పని ఏంటి? గ్యాస్ కట్టెయ్యడం, తలుపు గడియ పెట్టడం, టీవీ ప్లగ్ స్విచ్ ఆపెయ్యడం. ఆ మూడో పనితో మీరు ఆదివారమంతా కూర్చుని పెట్టిన సెటప్ కూలిపోతుంది. పొద్దున్న స్విచ్ వేస్తే టీవీ స్టాండ్‌బైలో మేలుకుంటుంది, బాక్స్ తనంతట తనే బూటయ్యి ఆన్‌లోకి వచ్చేస్తుంది, సౌండ్‌బార్ తన ఇష్టం వచ్చిన ఇన్‌పుట్‌లో కూర్చుంటుంది. మాక్రో ఊహించుకున్న ప్రపంచం ఒకటి, గదిలో ఉన్నది ఇంకొకటి.

"స్విచ్ ఆపొద్దని చెప్పండి" అంటారు చాలామంది టెక్ మిత్రులు. నేను చెప్పను. స్టాండ్‌బైలో అర వాట్ తినే టీవీకి ఏడాది మొత్తం మీద నాలుగున్నర యూనిట్లు కూడా కాలవు, నిజమే. అయితే చాలా సెట్‌టాప్ బాక్సులు స్టాండ్‌బైలో కూడా అంతకన్నా బాగా ఎక్కువే తింటాయి. పైగా మే నెలలో ఉరుములు మొదలయ్యాయంటే ప్లగ్ పీకెయ్యడమే సరైన పని. ఆవిడ అలవాటు ఇంటికి మంచిది. మన సెటప్ ఆ అలవాటుని తట్టుకోవాలి గానీ, ఆవిడ మన సెటప్ కోసం మారాల్సిన అవసరం లేదు. వాడేది ఆవిడ కదా.

కాబట్టి నేను ఏ ఇంట్లో సెట్ చేసినా మొదట చూసేది యూనివర్సల్ రిమోట్ కాదు, హెచ్‌డీఎంఐ కేబుల్. అందులో సీఈసీ అని ఒక దారి ఉంది. 13వ పిన్ మీద సెకనుకి దాదాపు 400 బిట్ల వేగంతో పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. నత్తనడకే, ఒప్పుకుంటాను. కానీ ఐఆర్‌కి చేతకానిది దానికి చేతనవును: అడిగి తెలుసుకుంటుంది. ‘నువ్వు ఆన్‌లో ఉన్నావా?’ అని అడగడానికి సీఈసీలో ప్రత్యేకంగా ఒక మెసేజ్ ఉంది. ‘నేను మేలుకున్నాను, తెర నాకివ్వు’ అని చెప్పడానికి ఇంకొకటి ఉంది. అందుకే కరెంటు పోయి వచ్చినా, ఎవరు ముందు లేచినా, చాలావరకు తనంతట తనే సర్దుకుంటుంది.

దీన్ని వాడకపోవడానికి సగం కారణం దాని పేరు. శామ్‌సంగ్‌లో ‘ఎనీనెట్ ప్లస్’, ఎల్‌జీలో ‘సింప్‌లింక్’, సోనీలో ‘బ్రావియా సింక్’, ఫిలిప్స్‌లో ‘ఈజీలింక్’. అన్నీ ఒకటే. ఎవరి పెళ్ళికి వాళ్ళ పందిరి. టీవీ సెట్టింగ్స్‌లో ఈ పేరు వెతికి ఆన్ చెయ్యండి, తర్వాత సౌండ్‌బార్‌లో, స్టిక్‌లో కూడా ఆన్‌లో ఉందో లేదో చూడండి. సౌండ్‌బార్ కేబుల్‌ని టీవీకి ఏదో ఒక పోర్ట్‌లో కాకుండా ‘ఏఆర్‌సీ’ లేదా ‘ఈఏఆర్‌సీ’ అని రాసి ఉన్న పోర్ట్‌లోనే పెట్టాలి. 2009లో హెచ్‌డీఎంఐ 1.4తో వచ్చిన సౌకర్యం ఇది. చాలా ఇళ్ళలో సౌండ్‌బార్‌ని ఆప్టికల్ కేబుల్‌తో కలిపి వెళ్ళిపోతారు. సౌండ్ వస్తుంది, కస్టమర్ సంతోషిస్తాడు. కానీ ఆప్టికల్‌లో వెళ్ళేది సౌండ్ ఒక్కటే, కమాండ్లు వెళ్ళవు. దాంతో వాల్యూమ్ కోసం ఆ ఇంటికి జీవితాంతం ఇంకో రిమోట్ తప్పదు. ఒక్క కేబుల్ మారిస్తే ఒక రిమోట్ టీపాయ్ మీద నుంచి లేచిపోతుంది. కొత్త గ్యాడ్జెట్ కొనే ముందు ఈ పని చెయ్యండి.

సీఈసీ దేవుడేం కాదు. పోర్ట్‌లో తీగ ఉంటుంది గానీ కమాండ్లకి స్పందించాలని పరికరానికి రూలేం లేదు. వేర్వేరు బ్రాండ్లు కలిస్తే కొన్ని మాటలు అర్థమై కొన్ని కావు. ఒక్కోసారి మీరు సినిమా చూస్తుంటే ఇంకో పరికరం మేలుకుని తెర లాక్కుంటుంది. అలాంటప్పుడు అన్నిటి ప్లగ్‌లూ పీకి, రెండు నిమిషాలు ఆగి, ముందు టీవీ, తర్వాత మిగతావి పెడితే ఎక్కువసార్లు దారికొస్తుంది. అప్పటికీ రాకపోతే ఆ తెర లాక్కునే పరికరం ఒక్కదానిలో సీఈసీ ఆపండి. మొత్తం ఆపెయ్యకండి. ‘సీఈసీ వేస్ట్, ఆఫ్ చేసెయ్’ అనే సలహా రెడిట్‌లో తెగ కనపడుతుంది. అది ఏవీ రిసీవర్, రెండు కన్సోళ్ళు, ప్రొజెక్టర్ పెట్టుకున్నవాళ్ళ బాధ. మూడు పెట్టెలున్న మన హాలుకి అది వర్తించదు.

స్టిక్‌ల గురించి ఒక మాట. ఫైర్ టీవీ స్టిక్ రిమోట్ స్టిక్‌తో బ్లూటూత్‌లో మాట్లాడుతుంది. స్టిక్‌కి ఐఆర్ కన్ను లేదు, కాబట్టి బజార్లో దొరికే మామూలు ఐఆర్ యూనివర్సల్ రిమోట్ దాన్ని నడపలేదు. ఇది తెలియక కొని తిట్టుకునేవాళ్ళు ఎక్కువ. కానీ 2018 నుంచి వచ్చిన చాలా ఫైర్ టీవీ రిమోట్లలో పవర్, వాల్యూమ్ బటన్లు కూడా ఉంటాయి. అవి టీవీకి ఐఆర్‌లో వెళ్తాయి. సెట్టింగ్స్‌లో ‘ఎక్విప్‌మెంట్ కంట్రోల్’ తెరిచి టీవీ, సౌండ్‌బార్ బ్రాండ్లు చెబితే చాలు. గూగుల్ టీవీ పరికరాల్లోనూ రిమోట్ బటన్లు సెట్ చేసుకునే ఆప్షన్ ఉంటుంది. ఇంకోటి: స్టిక్‌కి టీవీ యూఎస్‌బీ నుంచి కరెంటు ఇవ్వకండి. టీవీ ఆరిపోయిన ప్రతిసారీ అదీ చచ్చి, మళ్ళీ మొదటి నుంచి బూట్ అవుతుంది. నిద్రలో ఉన్నది టీవీని లేపగలదు, చచ్చింది లేపలేదు. దాని అడాప్టర్ దానికి పెట్టండి.

ఇక సెట్‌టాప్ బాక్స్. మన గొలుసులో అతి బలహీనమైన లింకు ఇదే. చాలా బాక్సులు సీఈసీ మాటే ఎత్తవు. అందుకే నా లెక్క తిరగేసి ఉంటుంది. బాక్స్ టీవీకి లొంగనప్పుడు, బాక్స్ రిమోట్‌నే ఇంటి రిమోట్‌గా చేసెయ్యండి. ఎందుకంటే అమ్మానాన్నలకి వేళ్ళ మీద ఉన్నవి చానల్ నంబర్లు. కొత్త టీవీ రిమోట్లలో అంకెల బటన్లే ఉండట్లేదు. బాక్స్ రిమోట్‌లో ఉంటాయి. ఇక్కడ అమ్మే చాలా డీటీహెచ్ రిమోట్లలో టీవీ పవర్‌ని నేర్పుకునే సదుపాయం ఇస్తున్నారు. మాన్యువల్‌లోనో, ఆ కంపెనీ సైట్‌లోనో మీ మోడల్‌కి పద్ధతి దొరుకుతుంది. టీవీ సెట్టింగ్స్‌లో ఆన్ అవ్వగానే చివరి ఇన్‌పుట్‌కే వెళ్ళమనే ఆప్షన్ ఉంటే అదీ పెట్టండి. హోమ్ పేజీ, దాని నిండా పోస్టర్లు చూసి కంగారుపడే మనిషికి నేరుగా వార్తల చానల్ కనపడితే సగం కాల్స్ తగ్గుతాయి.

నేర్పించేటప్పుడు రెండు రిమోట్లనీ కొన కొన ఎదురుగా, నాలుగైదు సెంటీమీటర్ల దూరంలో పెట్టండి. కిటికీ ఎండలో వద్దు. కొత్త సెల్స్ వెయ్యండి. బటన్‌ని చిన్నగా నొక్కి వదలండి. పట్టుకుని ఉంటే కొన్ని రిమోట్లు కమాండ్ బదులు ‘ఇందాకటిదే మళ్ళీ’ అనే చిన్న సిగ్నల్ మాత్రమే పంపుతాయి, నేర్చుకునేది అదే నేర్చుకుంటుంది. ఇంకో విచిత్రం ఉంది, ఇది తెలియక జుట్టు పీక్కునేవాళ్ళని చూశాను. ఫిలిప్స్ తెచ్చిన ఆర్‌సీ-5, ఆర్‌సీ-6 పద్ధతుల్లో ప్రతి కొత్త నొక్కుకీ ఒక బిట్ అటూ ఇటూ మారుతుంది. వేలు తీసి మళ్ళీ నొక్కారా, పట్టుకునే ఉన్నారా అని పరికరం తెలుసుకోవడానికి అది. నేర్చుకున్న రిమోట్‌లో కొన్నిసార్లు ఆ బిట్ బిగుసుకుపోతుంది. అప్పుడు 11 కొడితే పరికరానికి 1 మాత్రమే వినపడుతుంది. 122 కొడితే 12కి వెళ్తుంది. రిమోట్ పాడైందనుకుంటారు. దానికి మందు నేర్పించడం మానేసి, యూనివర్సల్ రిమోట్ లోపల ఉన్న బ్రాండ్ కోడ్ వాడుకోవడమే.

మరి ఫోన్ ఉంది కదా అంటారా? 2013లో గెలాక్సీ ఎస్4, హెచ్‌టీసీ వన్ లాంటి ఫోన్లలో ఐఆర్ వచ్చింది, అదే ఏడాది ఆండ్రాయిడ్ 4.4 దానికి సొంతంగా ఏపీఐ కూడా ఇచ్చింది. 2016లో గెలాక్సీ ఎస్7 దగ్గరికొచ్చేసరికి శామ్‌సంగ్ తీసేసింది. షావోమీ మాత్రం వదలకుండా పెడుతూనే ఉంది. అందుకు వాళ్ళకి దండం. రిమోట్ పోయిన రోజు అది బంగారం. టిఫిన్ సెంటర్‌లో మోత మోగిస్తున్న టీవీ వాల్యూమ్ తగ్గించిన పుణ్యం కూడా దానికి దక్కుతుంది. కానీ ఫోన్ ఇంటి రిమోట్ కాలేదు. మీరు ఊరెళ్తే రిమోట్ కూడా మీతోపాటే బస్సెక్కుతుంది.

వైఫై ఐఆర్ హబ్‌లు ఇంకో ఆకర్షణ. నోటితో చెబితే టీవీ ఆన్ అవుతుంది. నాకు వాటి మీద ఉన్న అభ్యంతరం ఒక్కటే. గదిలో నాలుగు అడుగుల దూరంలో ఉన్న టీవీకి చెప్పే మాట ఏదో దేశంలో ఉన్న సర్వర్‌దాకా వెళ్ళి రావాలా? ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ పోయినా డీటీహెచ్ వస్తూనే ఉంటుంది, కానీ దాన్ని పెట్టడానికి దారి ఉండదు. సర్వర్ శాశ్వతం కూడా కాదు. లాజిటెక్ వాళ్ళదే హార్మొనీ లింక్ అని ఒక హబ్ ఉండేది. 2018 మార్చి తర్వాత అది పనిచెయ్యదని ముందు ఏడాది నవంబర్‌లో ప్రకటించారు. హార్డ్‌వేర్‌కి ఏ రోగమూ లేదు. జనం గోల చేశాక, ఉన్నవాళ్ళందరికీ కొత్త హబ్ ఉచితంగా ఇచ్చారు. అన్ని కంపెనీలూ అలా ఇస్తాయని నేను నమ్మను. కాబట్టి హబ్ కొంటే ఇంటర్నెట్ తీసేసినా లోకల్‌గా పనిచేస్తుందా అన్నది మొదటి ప్రశ్న కావాలి. హోమ్ అసిస్టెంట్‌తో నేరుగా మాట్లాడేవి ఉన్నాయి, అవి చూడండి.

చెయ్యి దురదగా ఉన్నవాళ్ళు కోఠి గుజరాతీ గల్లీకి వెళ్ళి ఒక ఈఎస్‌పీ32 బోర్డు, ఐఆర్ ఎల్ఈడీ, 2ఎన్2222 ట్రాన్సిస్టర్, ఐఆర్ రిసీవర్ తెచ్చుకుని సొంతంగా చేసుకోవచ్చు. బీటెక్ ప్రాజెక్టుల పుణ్యమా అని అందరికీ తెలిసిన టీఎస్ఓపీ1738 రిసీవర్ 5 వోల్టుల మనిషి. 3.3 వోల్టుల బోర్డుకి వీఎస్1838బీ మేలు. ఎల్ఈడీని నేరుగా పిన్‌కి పెడితే సిగ్నల్ గది దాటదు సరికదా, టీపాయ్ కూడా దాటదు. ట్రాన్సిస్టర్ అందుకే. విడి ఆన్, విడి ఆఫ్ కోడ్లు పంపించి ఆడుకోవడానికి ఇంతకన్నా మంచి బొమ్మ లేదు. అవి దొరికి, మీ పరికరాలు వాటిని వింటే, అప్పుడు మాక్రో పెట్టండి, నాకే అభ్యంతరం లేదు. ‘ఆన్’ అని పదిసార్లు చెప్పినా ఆన్‌లోనే ఉంటుంది కాబట్టి గోడ స్విచ్ దాన్ని చెడగొట్టలేదు. అయితే ఆ బోర్డు మీ సరదా. అది చచ్చిపోయిన రోజు కూడా ఇంట్లో టీవీ మోగాలి.

టీవీ రివ్యూల్లో నిట్స్, డిమ్మింగ్ జోన్లు, రిఫ్రెష్ రేట్ గురించి పేజీలు రాస్తాం. రిమోట్‌కి దక్కేది ‘చేతిలో బాగుంది’ అన్న ఒక్క వాక్యం. నన్నడిగితే ప్రతి టీవీ, సౌండ్‌బార్ రివ్యూలో మూడు సంగతులు తప్పనిసరిగా ఉండాలి: విడి ఆన్-ఆఫ్ కోడ్లు ఉన్నాయా, వేరే బ్రాండ్ బాక్స్‌తో సీఈసీ ఎలా ప్రవర్తించింది, మెయిన్ ఆపి వేశాక ఏ ఇన్‌పుట్‌లో లేచింది. 400 నిట్స్‌కీ 450 నిట్స్‌కీ తేడా మా నాన్నకి కనపడదు. రోజూ పొద్దున్న ఏడింటికి వార్తలు వచ్చాయా లేదా అన్నది కనపడుతుంది.

సెటప్ అయ్యాక నేను చేసే పరీక్ష చెబుతాను. ప్లగ్ స్విచ్ ఆపేస్తాను. ఒక కాఫీ తాగి వచ్చి వేస్తాను. ఇంట్లో టీవీ గురించి అస్సలు పట్టించుకోని మనిషి చేతికి ఒక్క రిమోట్ ఇచ్చి, నేను వంటగదిలోకి వెళ్ళిపోతాను. కేక వినపడిందంటే ఇంకా పని ఉన్నట్టు. మళ్ళీ ఆపి, ఈసారి రౌటర్ కూడా ఆపేసి చూస్తాను.

గెలిచాక మిగిలిన రిమోట్లని చెత్తలో వెయ్యకండి. సెట్టింగ్స్ మెనూకి, రేపు ఇంకో రిమోట్‌కి నేర్పడానికి ఒరిజినల్ కావాల్సి వస్తుంది. సెల్స్ తీసేసి, ఏది దేనిదో వెనక స్టిక్కర్ వేసి, సొరుగులో పెట్టండి. సెల్స్ లోపలే వదిలేస్తే ఆర్నెల్లకి కారి, స్ప్రింగులు పచ్చబడి కూర్చుంటాయి.